దీపం చేపా, మా పెద్దమ్మ మూటా

మా పెద్దమ్మ ఉండేది చౌల్దారీలో. దక్షిణ అండమాన్ దీవిలో, పోర్ట్ బ్లెయిర్ నుంచి సిప్పీఘాట్ మీదుగా వెళ్తే వస్తుంది ఆ ఊరు. (2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. మావాళ్ళ నోట మాత్రం ఇంకా పాత పేరే.) ఛోల్దారీ అంటే హిందీలో చిన్న గుడారం. మా పెదనాన్న శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం ఓడెక్కి వెళ్ళి, ఆ గుడారం పేరున్న ఊళ్ళోనే కాపురం పెట్టేశాడు. అలా వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం.

2025 జూన్‌లో నేను వెళ్ళేసరికి పెద్దమ్మ కాలికి కట్టుతో మంచం మీద ఉంది. ఏమైందని అడిగితే అన్నయ్య తల పట్టుకున్నాడు. వారం ముందు ఎవరో ఫోన్లో ఒక వీడియో పంపారట. తమిళనాడు తీరంలో జాలర్లకు దొరికిన పొడవాటి వెండిరంగు చేప అది. 'ఇది కనిపిస్తే ప్రళయమే' అని కింద రాసి ఉంది. అంతకు కొన్ని నెలల ముందు ఇంకో వీడియో వచ్చింది. నల్లటి చేప, నెత్తిమీద దీపంలాంటిది, నోటినిండా కోరలు, పట్టపగలు నీటిపైన ఈదుతోంది. రెండూ కలిపి చూసుకున్న పెద్దమ్మ ఆ రాత్రి పట్టాదారు పుస్తకం, రెండు చీరలు మూటగట్టుకుని, ఎవరికీ చెప్పకుండా చీకట్లో కొండ ఎక్కబోయి జారిపడింది.

"అన్నేళ్ళ కిందట గూడా ఇలాటి సేపలే గదరా ఒడ్డున పడ్డాయి, ఫొటోలు సూళ్ళేదా నువ్వు?" అంది నన్ను.

చూశాను. మీరూ చూసే ఉంటారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2005 మొదట్లో ఒక ఈమెయిల్ ప్రపంచమంతా తిరిగింది. కోరపళ్ళ చేపలు, ఉబ్బుకళ్ళ చేపలు, జెల్లీలా కారిపోతున్న చేపలు. సునామీ వీటిని సముద్రపు అడుగునుంచి తెచ్చి ఒడ్డున పడేసిందని రాసి ఉండేది. పంపేవాళ్ళ సరదాని బట్టి ఆ ఒడ్డు ఒకసారి చెన్నై, ఒకసారి థాయ్‌లాండ్. మా అన్నయ్య దాన్ని నెట్ సెంటర్లో రంగుల్లో ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున భద్రంగా ఉంది.

నవ్వుకునే విషయం కాదిది. చౌల్దారీ వాళ్ళు సునామీని పేపర్లో చదివి తెలుసుకున్నవాళ్ళు కారు. ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. (ఉత్తరాన డిగ్లీపూర్ వైపు పైకి లేచింది. దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నాలుగు మీటర్ల దాకా దిగిపోయింది.) అలలు వెనక్కి పోయినా సిప్పీఘాట్, చౌల్దారీ పరిసరాల పల్లపు పొలాల్లోంచి ఉప్పునీరు పోలేదు, ఎందుకంటే పొలమే సముద్రమట్టం కిందికి వెళ్ళిపోయింది. వరి పండిన చోట ఆటూ పోటూ మొదలయింది. పెద్దమ్మ మూటలోని పట్టాదారు పుస్తకం అలా నీళ్ళలో ఉన్న పొలానిదే. అలాంటి మనిషికి 'అదంతా మూఢనమ్మకం' అని ఒక్క ముక్క చెప్పి లేచిపోవడం హేతువాదం అనిపించుకోదు. ఆ చేప ఏమిటి, ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, దాని సంగతి మనకెలా తెలిసింది అన్నది మొదటినుంచి చెప్పాలి. మంచం పక్కన కూర్చుని రెండు సాయంత్రాలు ఆ పనే చేశాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ ఫొటోల సంగతి. అవి సునామీకి ఏడాదిన్నర ముందువి. 2003 మే, జూన్ నెలల్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ శాస్త్రజ్ఞులు 'టాంగరోవా' అనే పరిశోధక నౌక మీద టాస్మాన్ సముద్రానికి వెళ్ళారు. నార్‌ఫాంజ్ యాత్ర అని దాని పేరు. నీటమునిగిన పర్వతశ్రేణుల మీద వలలు వేసి 500కు పైగా చేపజాతులు పట్టి, ఒక్కొక్కదాన్నీ శుభ్రంగా ఫొటోలు తీశారు. ఆ ఫొటోలే ఎవరో సునామీ పేరుతో అతికించి వదిలారు. తర్వాత 'ప్రపంచంలో కెల్లా వికారమైన జంతువు' అని పేరుబడ్డ బ్లాబ్ ఫిష్ బొమ్మ కూడా ఆ యాత్రలో తీసిందే. ఆ జెల్లీ ముఖం దాని అసలు ముఖం కాదు. లోతులోంచి పైకి లాగడంవల్ల చెడిపోయిన శవం ముఖం అది.

అసలు సునామీ అడుగు చేపల్ని ఎత్తి ఒడ్డున పడేయగలదా? ఇది లెక్క వేసి చూసుకోవచ్చు. 4,000 మీటర్ల లోతున్న చోట సునామీ అల గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది, నిజమే. కానీ పోయేది అల, నీరు కాదు. చేలో గాలివీస్తే అల చేనంతా పరుగెత్తుతుంది గానీ వరికంకి దాని చోటే ఊగుతుంది కదా. ఆ రోజు భూకంపం తర్వాత సుమారు రెండు గంటలకు ఉపగ్రహం కొలిచిన అల ఎత్తు నడిసముద్రంలో 60 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకీ ఆ లోతుకీ నీరు కదిలే వేగం సెకనుకు మూడు సెంటీమీటర్లు వస్తుంది. చీమ నడక. ఊళ్ళు కొట్టుకుపోయేది ఒడ్డు దగ్గర లోతు తగ్గి ఆ శక్తంతా కుదించుకున్నప్పుడు. కిలోమీటరు లోతున ఉన్న చేపకి ఆ పొద్దున ఏమైనా తెలిసిందంటే అది భూమి గర్జనే అయ్యుండాలి.

ఇక దీపం చేప. ఇంగ్లీషులో ఆంగ్లర్ ఫిష్ అంటారు, అంటే గాలం వేసే చేప. గాలం చేప అంటే మనకి సరిపోతుంది. దీని చరిత్ర వలతో మొదలవలేదు. ఒక గ్రీకు తత్వవేత్త కుతూహలంతో మొదలయింది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ మధ్యధరా తీరంలోని కప్పచేప గురించి రాశాడు. ఇది తక్కువ లోతుల్లో బురదలో పడుకునే చుట్టం, లోఫియస్ జాతి. కళ్ళముందు వెంట్రుకల్లాంటి తీగలుంటాయి, వాటి కొసన చిన్న ఎరలాంటిది ఉంటుంది, చిన్నచేపలు దాన్ని కొరకడానికి వస్తే మింగేస్తుంది అన్నాడు. అంతటితో ఆగలేదు, నిదర్శనం కూడా చూపాడు. ఇంత మందకొడి చేపల కడుపులో అంత చురుకైన మల్లెట్ చేపలు దొరుకుతున్నాయి, వెంటాడి పట్టే అవకాశమే లేదు. పైగా తీగల కొసలు తెగిపోయిన కప్పచేపలు దొరికినప్పుడు బక్కచిక్కి ఉంటున్నాయి. రెండువేల మూడువందల ఏళ్ళ కిందటి ఈ తర్కం ముందు, 2025లో వీడియో కింద 'ప్రళయం' అని రాసినవాణ్ణి నిలబెట్టి చూడండి. (అరిస్టాటిల్ తప్పులు చెప్పిన చోట్లూ చాలా ఉన్నాయి, ఆయన్ని దేవుణ్ణి చేయకండి.)

లోతుల్లోని చుట్టాలు మాత్రం చాలాకాలం కంటబడలేదు. 1833లో గ్రీన్‌లాండ్ ఒడ్డుకు ఒకటి కొట్టుకొచ్చింది, దాన్ని 1837లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు రైన్‌హార్ట్ వర్ణించాడు. 1864లో లండన్లో గుంథర్ అనే ఆయన మదీరా దీవి దగ్గర దొరికిన నల్లచేపకి మెలనోసీటస్ జాన్సోనీ అని పేరు పెట్టాడు. నాలుగు అంగుళాలైనా లేని ఆ చేప కడుపులో తనకు రెట్టింపు పొడవున్న చేప చుట్టచుట్టుకుని ఉంది. 2025లో మా పెద్దమ్మ ఫోన్లోకి వచ్చింది సరిగ్గా ఈ జాతే.

మన సముద్రం వంతు ఆ తర్వాత వచ్చింది. 1881లో బొంబాయి డాక్‌యార్డులో 'ఇన్వెస్టిగేటర్' అనే చక్రాల పొగ ఓడ కట్టారు. భారత తీరాల సర్వే పని దానిది. ఎక్కడ ఎంత లోతుందో, ఎక్కడ రాళ్ళున్నాయో కొలిచి పటాలు గీయడం. వ్యాపార నౌకలకోసం, సామ్రాజ్యంకోసం చేసిన పని అది, అందులో దాపరికం అక్కర్లేదు. అయితే ఓడలో ఒక డాక్టరు ఉండాలి, ఆ డాక్టరే ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా కూడా పనిచేయాలి అని ఏర్పాటు. 1888 నుంచి 1892 వరకు ఆ ఉద్యోగంలో ఉన్నవాడు ఆల్ఫ్రెడ్ ఆల్కాక్. లోతు కొలవడం అయ్యాక, కెప్టెన్ ఒప్పుకున్నప్పుడు, అడుగుదాకా వల దింపి లాగేవారు. వల దిగడానికీ రావడానికీ గంటలు పట్టేది. తీరా పైకి వస్తే ఒక్కోసారి బురద, ఒక్కోసారి చిరిగిన వల.

అండమాన్ సముద్రంలో ఆల్కాక్‌కి దొరికినవాటిలో గాలం చేపల చుట్టాలున్నాయి. మాల్తోప్సిస్ ల్యూటియా, హాలిక్మెటస్ రూబర్ అని 1891లో ఆయన పేరు పెట్టిన రెండూ గబ్బిలం చేపలు. పళ్ళెంలా చదునుగా ఉండి, రెక్కలనే కాళ్ళలా ఊని అడుగున నడుస్తాయి. ముక్కు కింద చిన్న గూట్లో గాలాన్ని మడిచి దాచుకుంటాయి, కావలసినప్పుడు బయటికి తీస్తాయి. అంతకు ఏడాది ముందు, 1890లో, బంగాళాఖాతపు లోతుల్లోంచి వచ్చిన బొటనవేలంత నల్లచేపకి పారోనైరోడెస్ గ్లోమెరోసస్ అని పేరు పెట్టాడు. అది అసలైన దీపం చేపల కుటుంబానిది. నూట ముప్ఫై అయిదేళ్ళ కిందటే మన బంగాళాఖాతంలో, ఏ ప్రళయం అక్కర్లేకుండా, మామూలు పనిరోజున వలలో పడిందన్నమాట. ఆల్కాక్ ఆ తర్వాత కలకత్తా ఇండియన్ మ్యూజియం బాధ్యత తీసుకుని, 1899లో భారత సముద్రపు లోతుచేపల జాబితా వేశాడు. 1902లో 'ఎ నాచురలిస్ట్ ఇన్ ఇండియన్ సీస్' అనే పుస్తకం రాశాడు. ఆ మ్యూజియం జంతుశాఖే 1916లో జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా అయింది. దాని ప్రాంతీయ కేంద్రం ఒకటి 1977 నుంచి పోర్ట్ బ్లెయిర్‌లోనే, మా పెద్దమ్మ ఇంటికి బస్సు దూరంలో ఉంది.

ఆల్కాక్ పద్ధతిలో ఒక్క విషయం గమనించండి. ప్రతి చేపతోపాటూ తేదీ, చోటు, లోతు రాసిపెట్టాడు, చేపని సారాలో దాచాడు. సందేహం ఉన్నవాడు వెళ్ళి సీసా మూత తీసి చూసుకోవచ్చు. ఈమెయిల్ ఫొటోలకి లేనివి అవే. అలాగని శాస్త్రజ్ఞులందరూ ఆ నియమం తప్పలేదనుకోకండి. అమెరికావాడు విలియం బీబీ 1934లో ఇనుప గోళంలో కూర్చుని 923 మీటర్ల లోతుకి దిగాడు. అప్పటివరకు ఏ మనిషీ అంత లోతు చూడలేదు, గొప్ప సాహసమే. కిటికీలోంచి చూశానని చెప్పి కొన్ని కొత్త చేపలకి పేర్లు పెట్టేశాడు. మూడు దీపాల గాలం చేప వాటిలో ఒకటి. చేప చేతికి రాలేదు, ఫొటో లేదు, ఆయన చెబుతుంటే చిత్రకారిణి గీసిన బొమ్మ ఉంది. తొంభై ఏళ్ళు దాటినా అలాంటి చేప మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. బీబీ అబద్ధాలకోరు కాడు. చీకట్లో చిన్న కిటికీ, రెండు క్షణాల మెరుపు. అలాంటప్పుడు ఎంత పెద్దవాడి సాక్ష్యమైనా పక్కన పెట్టుకోవాలంతే.

పెద్దమ్మకి బాగా నచ్చిన భాగం ఇది: మొగచేప ఎక్కడుంది? దశాబ్దాలపాటు దొరికిన దీపం చేపలన్నీ ఆడవే. మొగవి కనబడకపోవడం ఎవరినీ అంతగా బాధపెట్టినట్టు లేదు. 1922లో ఐస్‌లాండ్ శాస్త్రజ్ఞుడు బ్యార్నీ సైముండ్సన్ ఒక పెద్ద ఆడచేపని చూశాడు. దాని పొట్టకి రెండు చిన్నచేపలు మూతులతో అతుక్కుని ఉన్నాయి. పిల్లలేమో అనుకున్నాడు, కానీ తల్లికి అలా ఎలా అతుక్కున్నాయో అర్థం కాలేదు, ఆ మాటే రాశాడు. మూడేళ్ళ తర్వాత, 1925లో, లండన్లో చార్లెస్ టేట్ రీగన్ అలాంటి చిన్నచేపనే కోసి చూశాడు. అది మగచేప! మూతి ఆడదాని చర్మంలో కలిసిపోయింది, ఇద్దరి రక్తనాళాలూ ఒకటయ్యాయి. తిండి ఆమె రక్తంలోంచే. ఇక చేసే పనల్లా వీర్యం ఇవ్వడం. ఒక ఆడచేప మీద ఎనిమిది మగవి దొరికిన సందర్భం కూడా ఉంది. తమాషా ఏమిటంటే, అతుక్కోకముందు విడిగా తిరిగే మగవాటిని శాస్త్రజ్ఞులు అంతకుముందే చూశారు. గాలం లేని వేరే చేపల కుటుంబం అనుకుని వాటికి వేరే పేరు పెట్టేశారు. మొగుడూ పెళ్ళాలను రెండు వేర్వేరు ఇంటిపేర్లతో రిజిస్టర్లో రాసుకున్నట్టయింది.

"ఇల్లరికం అల్లుడన్నమాట" అంది పెద్దమ్మ. అంతకన్న బాగా నేను చెప్పలేను.

అన్ని జాతుల్లోనూ ఇంత గట్టి ఇల్లరికం ఉండదు. మెలనోసీటస్‌లో మగది కొంతసేపు కరుచుకుని వదిలేస్తుంది. శాశ్వతంగా అతుక్కునే వాటి దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఒకరి అవయవం ఇంకొకరికి పెడితే ఒంట్లో రక్షణ వ్యవస్థ తిరగబడుతుంది, కిడ్నీ మార్చుకున్నవాళ్ళు జీవితాంతం మందులు మింగేది అందుకే. మరి ఈ చేపలో మొత్తం మగడే అతుక్కుంటే? 2020లో వచ్చిన పరిశోధనలో తేలింది: శాశ్వతంగా కలిసిపోయే జాతులు ఆ రక్షణ వ్యవస్థకు కీలకమైన కొన్ని జన్యువుల్నే పోగొట్టుకున్నాయి. మనకైతే ఆ జన్యువులు లేకుండా పుట్టిన బిడ్డ మామూలు రోగాలకే బలైపోతుంది. ఎవరో తెలివిగా కూర్చుని గీసిన నమూనా ఇలా ఉండదు. అందుబాటులో ఉన్నదాన్ని కోసి, అతికించి, పోయింది పోగా మిగిలినదాంతో నెట్టుకొచ్చే జీవపరిణామం పని ఇలాగే ఉంటుంది.

ఇక అది వేటాడే తీరు. వెయ్యి మీటర్ల కింద సూర్యకాంతి చేరదు. తిండి చాలా తక్కువ, ఎక్కువ భాగం పైనుంచి రాలేదే. అలాంటి చోట వెంటపడి వేటాడితే ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. అందుకే ఈ చేప ఒళ్ళంతా పొదుపే. కండలు పలచన, ఎముకలు తేలిక, చాలాసేపు కదలకుండా నీటిలో వేలాడుతూ ఉంటుంది. వీపు మీది రెక్కలో మొదటి ముల్లు ముందుకి జరిగి గాలం కర్ర అయింది. దాని కొసన ఉబ్బులో కోట్ల బ్యాక్టీరియా. వెలుగు వాటిదే, చేపది కాదు. చేప వాటికి ఇల్లూ తిండీ ఇస్తుంది. 2019లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం ఈ బ్యాక్టీరియా తల్లినుంచి పిల్లకి రాదు, ప్రతి చేపా చుట్టూ ఉన్న సముద్రంలోంచి కొత్తగా తెచ్చుకుంటుంది. దీపం పక్కనే కోరలున్న ముఖం ఉంటే ఎరకోసం వచ్చిన చేప బెదరదా అంటే, ఆ ముఖం కనబడదు. 2020లో కొలిచినప్పుడు ఒనైరోడెస్ అనే దీపం చేప చర్మం తనమీద పడ్డ వెలుగులో 0.04 శాతమే వెనక్కి పంపింది. అంటే పదివేల పాళ్ళలో నాలుగు. కాటుక దీని ముందు తెలుపే. ఎర దగ్గరికి రాగానే నోరు తెరుచుకుంటుంది, నీటితోపాటు లోపలికి లాగేసుకుంటుంది. పళ్ళు లోపలివైపు వాలతాయి, రావచ్చు గానీ పోకూడదు. మన జాలర్లు కట్టే మావుల్లాగే. కడుపు సాగుతుంది కాబట్టి దొరికింది ఎంత పెద్దదైనా వదలదు, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు గనక.

ఇదంతా చాలామటుకు చచ్చిన చేపల్ని కోసి, ఊహించి చెప్పినదే. బతికున్నదాన్ని దాని చోటులో చూడటం ఈమధ్యనే మొదలయింది, చూసినప్పుడల్లా ఏదో ఒకటి దిద్దుకోవలసి వచ్చింది. పొడవాటి గాలమున్న జైగాంటాక్టిస్ అనే రకాన్ని పుస్తకాల్లో ఎప్పుడూ నిటారుగా, గాలం ముందుకి చాపి గీసేవారు. 1999లో హవాయికీ కాలిఫోర్నియాకీ మధ్య సముద్రంలో మనిషిలేని జలయంత్రం కెమెరాకి అది తలకిందులుగా, పొట్ట పైకి, గాలం సముద్రపు నేలకేసి వేలాడదీసి, ప్రవాహంతో నిదానంగా కొట్టుకుపోతూ కనిపించింది. బొమ్మలన్నీ తిరగేసుకోవాల్సి వచ్చింది! మగడు అతుక్కుని ఉన్న ఆడచేప సజీవంగా కనిపించిన మొదటి వీడియో 2016లో అజోర్స్ దీవుల దగ్గర, 800 మీటర్ల లోతున తీసింది. ఇటీవల మన కొచ్చి శాస్త్రజ్ఞులు కూడా హిందూ మహాసముద్రంలో దీపం చేపలు వరసగా పట్టారు. 2017లో వర్ణించిన ఒక కొత్త జాతి పేరు ఒనైరోడెస్ సంజీవని. ఆ పేరు చూసి ఎవరైనా దీన్ని నూరి మందు చేస్తామని బయల్దేరకముందే చెప్పేస్తున్నాను, అది సంజీవన్ అనే శాస్త్రజ్ఞుడి గౌరవార్థం పెట్టిన పేరు.

మరి ఆ వీడియోలో చేప పగటిపూట పైకెందుకొచ్చింది? 2025 జనవరి చివర, స్పెయిన్‌కి చెందిన టెనెరిఫ్ దీవికి రెండు కిలోమీటర్ల దూరంలో సొరచేపల మీద పనిచేసేవాళ్ళు దాన్ని చూశారు. ఒంటిమీద దెబ్బలున్నాయి, కొద్ది గంటల్లోనే చచ్చిపోయింది. ఏదో రోగమో, శత్రువు నోట్లోంచి తప్పించుకోవడమో, పైకి లేచే ప్రవాహమో అయ్యుండాలి. లోతుచేప పైకొస్తే ఒత్తిడి మారి పేలిపోతుందని కూడా కొందరు రాశారు. పేలడానికి గాలితిత్తి ఉండాలి, దీపం చేపలకి అది లేదు. ఇంటర్నెట్లో మాత్రం 'జీవితంలో ఒక్కసారి వెలుగు చూడాలని అంతదూరం ఈదుకొచ్చింది' అని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు కొందరు, ప్రళయ సూచన అన్నవాళ్ళు కొందరు. నాకు రెండో రకం మీద కోపం, మొదటి రకం మీద జాలి. అసలు దాని పిల్లలు పెరిగేది పై రెండొందల మీటర్లలో, వెలుగులోనే. పెద్దయ్యాకే కిందికి దిగుతాయి. అంటే అది వెలుగు ముందే చూసిందన్నమాట.

పొడవాటి వెండిచేప సంగతీ అంతే. జపాన్‌లో ఈ నమ్మకం పాతది, అందుకే లెక్కచూసింది కూడా వాళ్ళే. 1928 నుంచి 2011 దాకా లోతుచేపలు కనిపించిన 336 సందర్భాలనీ 221 భూకంపాలనీ పోల్చి 2019లో ఫలితం ప్రకటించారు. పొంతన కుదిరినట్టు అనిపించినది ఒకే ఒక్కటి. అన్ని చేపలూ అన్ని భూకంపాలూ ఉన్న దేశంలో ఆ ఒక్కటి కాకతాళీయంగా కుదరకపోతేనే ఆశ్చర్యం.

"మరేటి సూసి పారిపోవాలిరా?" అని అడిగింది పెద్దమ్మ. నేను వెళ్ళింది ఈ ప్రశ్నకోసమే అనిపించింది. భూమి గట్టిగా, చాలాసేపు కదిలితే వెంటనే మెరక ఎక్కాలి, ఎవరి కబురుకోసమూ ఆగకూడదు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే వింత చూడ్డానికి వెళ్ళకూడదు. 2004లో లిటిల్ అండమాన్‌లో ఓంగీలు బతికింది ఇలాగే. వాళ్ళకి ఆరో ఇంద్రియం ఉందని పత్రికలు రాశాయి గానీ, నీరు వెనక్కిపోతే కొండెక్కమని పెద్దలు చెప్పిన మాట వాళ్ళు గుర్తుంచుకున్నారు, అంతే. దూరపు భూకంపాలకైతే మన హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ సంస్థ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు అక్కడినుంచే నికోబార్‌కి హెచ్చరిక వెళ్ళింది, పెద్ద అల రాదని తేలాక అక్కడే ఉపసంహరించారు.

"ఆ రోజు గుర్తుంది, మైకులో సెప్పేరు" అంది. "అప్పుడు ఏ సేపా రాలేదు."

కాసేపాగి, అన్నయ్యచేత ట్రంకుపెట్టె తీయించి ఆ ప్రింటు కాగితం చేతిలోకి తీసుకుంది. చింపేస్తుందేమో అనుకున్నాను. చింపలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క బొమ్మా చూసింది.

"ఈటిని తింటారేటి ఎక్కడైనా?"

బొమ్మల్లోవాటి సంగతి తెలీదు గానీ, అరిస్టాటిల్ చెప్పిన కప్పచేపని యూరప్‌లో బాగా తింటారని చెప్పాను. తల వికారంగా ఉంటుందని కోసేసి బజార్లో తోక మాత్రమే అమ్ముతారు, ధర కూడా ఎక్కువే.

"పులుసా, వేపుడా?" అని అడిగింది. అది నేను కనుక్కుని వెళ్ళలేదు.